నేపథ్యపు బ్లర్, వివరం: ఫోటో ఎడిటింగ్ సెట్టింగుల పాత్ర

నిర్వచనం, పరిధి

ఫోటోలో ప్రధాన విషయానికి వెనక ఉన్న దృశ్యం ఎంత మసకగా ఉండాలి, ప్రధాన విషయంలోని వెంట్రుకలు, చర్మం, బట్ట నేత లాంటివి ఎంత స్ఫుటంగా కనబడాలి అన్న రెండు సంగతుల్నీ ఫోటో తీసిన తరవాత సాఫ్ట్‌వేర్‌లో మార్చవచ్చు. మొదటిది నేపథ్యపు బ్లర్, రెండోది వివరం. బ్లర్ రేడియస్, మాస్క్, డెప్త్ మ్యాప్, షార్పెనింగ్, క్లారిటీ, టెక్స్చర్, నాయిస్ రిడక్షన్ అనే సెట్టింగులు ఈ రెండింటినీ శాసిస్తాయి. అడోబీ ఫోటోషాప్, లైట్‌రూమ్, ఉచితంగా దొరికే గింప్, డార్క్‌టేబుల్, రాథెరపీ, ఫోన్లలో వాడే స్నాప్‌సీడ్ లాంటి వాటిలో ఇవి వేరువేరు పేర్లతో ఉన్నా లోపల జరిగే పని చాలావరకు ఒకటే.

వివరం అంటే పక్కపక్క పిక్సెళ్ల వెలుగులో ఉండే తేడా. ఆ తేడాను సగటు చేసి తగ్గిస్తే బ్లర్ అవుతుంది, పెంచితే షార్ప్‌నెస్ వస్తుంది. అయితే మామూలు ఫోటో ఫైలులో ప్రతి పిక్సెల్‌కూ రంగు, వెలుగు మాత్రమే నమోదై ఉంటాయి. ఆ పిక్సెల్ కెమెరాకు ఎంత దూరంలోని వస్తువుదో నమోదు కాదు. మనిషి ముక్కు కొసా, అతనికి పది గజాల వెనక ఉన్న గోడా ఫైలులో ఒకే తలం మీది చుక్కలు. ఎడిటింగ్‌లో బ్లర్ కృతకంగా కనబడటానికి మూలం ఈ లోటే. ఈ రంగంలో ముప్పై ఏళ్లుగా వచ్చిన మార్పుల్లో చాలావి దాన్ని పూడ్చే ప్రయత్నాలే.

లెన్స్ బ్లర్ ఎలా ఏర్పడుతుంది

సాఫ్ట్‌వేర్ అనుకరించేది లెన్స్‌ను కాబట్టి ముందు దాని సంగతి తెలియాలి. ఫోకస్ చేసిన దూరంలోని బిందువు సెన్సర్ మీద బిందువుగానే పడుతుంది. అంతకు ముందో వెనకో ఉన్న బిందువు చిన్న బిళ్లలా పరుచుకుంటుంది. ఆ బిళ్ల వ్యాసం నాలుగింటిని బట్టి మారుతుంది: ఎపర్చర్ అనే కాంతి రంధ్రం సైజు, ఫోకల్ లెంగ్త్, ఫోకస్ దూరం, నేపథ్యం ఉన్న దూరం.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 మి.మీ. లెన్స్ బిగించి, ఎఫ్/1.8 ఎపర్చర్‌తో 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేస్తే, స్ఫుటంగా కనబడే లోతు సుమారు 6 సెం.మీ. మాత్రమే. అంటే కళ్లు స్ఫుటంగా వస్తే చెవులు కాస్త మెత్తబడతాయి. అదే ఎఫ్/8కి మారిస్తే ఆ లోతు సుమారు 26 సెం.మీ. అవుతుంది. ఎఫ్/1.8 దగ్గర చాలా దూరంలో వెలిగే వీధి దీపం సెన్సర్ మీద దాదాపు 2 మి.మీ. వ్యాసం ఉన్న బిళ్లగా పడుతుంది. 6,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోలో అది సుమారు 350 పిక్సెళ్లు.

ఫోన్ కెమెరా లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ కొద్ది మిల్లీమీటర్లే. 4.25 మి.మీ., ఎఫ్/1.8 లెన్స్‌తో అదే 2 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, 4,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోలో ఆ దీపం బిళ్ల నాలుగు పిక్సెళ్లకు మించదు. రెండింటి దృశ్యకోణాలు వేరే అయినా తేడా ఏపాటిదో ఈ లెక్క చెబుతుంది. ఫోన్ ఫోటోలో ధారాళంగా కనబడే నేపథ్యపు బ్లర్, దగ్గరి వస్తువును తీసినప్పుడు తప్ప, సాఫ్ట్‌వేర్ చేసినదే.

లెన్స్ బ్లర్‌కు మరో రెండు లక్షణాలు ఉన్నాయి. ఒకటి, అది దూరంతో పాటు క్రమంగా పెరుగుతుంది: మనిషి కాళ్ల దగ్గర నేల స్ఫుటంగా ఉండి, వెనక్కి పోయే కొద్దీ మసకబారుతుంది. రెండోది, బిళ్లకు ఎపర్చర్ ఆకారమే వస్తుంది. ఆరు బ్లేడ్‌ల లెన్స్‌ను కాస్త మూస్తే షట్కోణాలు కనబడతాయి. చాలా లెన్స్‌లలో, ఎపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు, ఫ్రేము మూలల్లోని బిళ్లలు పిల్లి కన్నులా కోలగా మారతాయి. కృతకమైన బ్లర్‌ను చూసి పసిగట్టడానికి ఈ రెండే ఎక్కువగా ఉపయోగపడతాయి.

చరిత్ర

వివరాన్ని పెంచే పద్ధతి కంప్యూటర్ల కంటే పాతది. డార్క్‌రూమ్‌లో నెగటివ్‌కు కావాలని మసక పాజిటివ్ కాపీ తయారు చేసి, రెండింటినీ జతపరచి ప్రింటు వేస్తే అంచులు స్ఫుటంగా వచ్చేవి. ఆ మసక కాపీ పేరు మీదే అన్‌షార్ప్ మాస్క్ అనే పద్ధతి వచ్చింది. నేటి షార్పెనింగ్ స్లైడర్లలో చాలావాటికి మూలం అదే.

బ్లర్‌ను గణితంతో వెనక్కి తిప్పే డీకన్వల్యూషన్ పద్ధతిని విలియం రిచర్డ్‌సన్ 1972లో, లియాన్ లూసీ 1974లో విడివిడిగా రూపొందించారు. 1990లో కక్ష్యలోకి వెళ్లిన హబుల్ టెలిస్కోపు అద్దంలో లోపం బయటపడినప్పుడు, 1993 డిసెంబరులో దాన్ని సరిచేసేదాకా చిత్రాలను బాగుచేయడానికి ఈ తరహా లెక్కలు బాగా ఉపయోగపడ్డాయి. ఖగోళ శాస్త్రం నుంచి ఆ విద్య ఫోటో సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది. రాథెరపీలో నేటికీ ఆ ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతోనే ఆ సెట్టింగు కనబడుతుంది.

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్ తొలి వెర్షన్ 1990 ఫిబ్రవరిలో విడుదలైంది. 1994లో వచ్చిన మూడో వెర్షన్‌తో లేయర్లు చేరాయి. మనిషిని ఒక లేయరులో, నేపథ్యాన్ని మరో లేయరులో ఉంచి వెనకదాన్ని మాత్రమే మసకబార్చడం దాంతో తేలికైంది. 2003 నాటి ఫోటోషాప్ సీఎస్‌లో లెన్స్ బ్లర్ ఫిల్టర్, 2012 నాటి సీఎస్6లో ఫీల్డ్, ఐరిస్, టిల్ట్-షిఫ్ట్ బ్లర్‌లతో కూడిన బ్లర్ గ్యాలరీ వచ్చాయి. లైట్‌రూమ్ 2007లో మార్కెట్లోకి వచ్చి, అదే ఏడాది క్లారిటీ స్లైడర్‌ను చేర్చుకుంది. టెక్స్చర్ 2019లో వచ్చింది. దృశ్యంలోని లోతును తానే అంచనా వేసుకునే లెన్స్ బ్లర్ సదుపాయం లైట్‌రూమ్‌లోకి 2023లో చేరింది.

ఫోన్లలో 2014 నాటి హెచ్‌టీసీ వన్ ఎం8 రెండో కెమెరాతో లోతును కొలిచింది. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌తో వచ్చిన పోర్ట్రెయిట్ మోడ్ ఈ బ్లర్‌ను సామాన్యుల వాడుకలోకి తెచ్చింది.

బ్లర్ రకాలు

గాసియన్ బ్లర్. ప్రతి పిక్సెల్ విలువనూ చుట్టుపక్కల పిక్సెళ్ల సగటుతో మారుస్తుంది. దగ్గరి పిక్సెల్‌కు ఎక్కువ బరువు, దూరపు పిక్సెల్‌కు తక్కువ బరువు ఇస్తుంది. ఆ బరువులు గణితవేత్త గాస్ పేరు మీద ఉన్న గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తాయి. లెక్క తేలిక, వేగం ఎక్కువ. కానీ దీపం దీని కింద బిళ్లగా మారదు, అంచు లేని పొగలా కరిగిపోతుంది. నీడలను మెత్తబరచడానికి, రంగుల మచ్చలు తగ్గించడానికి ఇది సరిపోతుంది. లెన్స్‌ను అనుకరించడానికి సరిపోదు.

లెన్స్ బ్లర్. చుట్టుపక్కల పిక్సెళ్లను ఎపర్చర్ ఆకారం లోపలే, సమానమైన బరువుతో సగటు చేస్తుంది. ఫోటోషాప్‌లో దీనికి ఐరిస్ ఆకారం, రేడియస్, బ్లేడ్‌ల వంపు, తిప్పిన కోణం అనే సెట్టింగులు ఉన్నాయి. లైట్‌రూమ్‌లో గుండ్రం, బుడగ, అయిదు బ్లేడ్‌లు, రింగు, పిల్లి కన్ను అనే ఆకారాలను ఎంచుకోవచ్చు.

ఫోటోషాప్ లెన్స్ బ్లర్‌లోని స్పెక్యులర్ హైలైట్స్ సెట్టింగు ఎందుకుందో తెలుసుకోవడం అవసరం. వెలిగే బల్బు తెల్ల కాగితం కంటే కొన్ని వందల రెట్లు ప్రకాశవంతమైనా, 8 బిట్ ఫైలులో రెండింటి విలువా 255 దగ్గరే ఆగిపోతుంది. లెన్స్ లోపల బల్బు కాంతి ఎంత పరుచుకున్నా ఇంకా మెరుస్తూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ 255ని చుట్టూ ఉన్న చీకటితో సగటు చేస్తే మిగిలేది బూడిదరంగు మచ్చ. థ్రెషోల్డ్‌తో ఏ విలువ పైనున్న పిక్సెళ్లను దీపాలుగా లెక్కించాలో చెప్పి, బ్రైట్‌నెస్‌తో వాటి కాంతిని తిరిగి పెంచుతారు. థ్రెషోల్డ్ మరీ తగ్గిస్తే తెల్ల చొక్కా, ఆకాశం కూడా దీపాల్లా మెరుస్తాయి.

దీనికి తోడు గామా సమస్య ఉంది. ఫైలులోని విలువలు అసలు కాంతికి అనులోమంగా ఉండవు. తెలుపు 255, నలుపు 0 సగటు 128 అవుతుంది గాని, ఆ 128 సూచించే కాంతి తెలుపులో 22 శాతం మాత్రమే. నిజంగా సగం కాంతి కావాలంటే విలువ 188 ఉండాలి. లెక్కను సరళ కాంతి విలువల మీద చేసే సాఫ్ట్‌వేర్‌లో దీపాల బిళ్లలు అందుకే నిండుగా వస్తాయి. అలా చేయని వాటిలో నేపథ్యం మొత్తం ఒక ఛాయ నల్లబడుతుంది.

ఇతర రకాలు. టిల్ట్-షిఫ్ట్ బ్లర్ ఒక పట్టీని స్ఫుటంగా ఉంచి దానికి పైనా కిందా మసకబారుస్తుంది. ఎత్తు నుంచి తీసిన వీధి దీనితో బొమ్మల కొలువులా కనబడుతుంది. ఐరిస్ బ్లర్ దీర్ఘవృత్తం బయటి భాగాన్ని, ఫీల్డ్ బ్లర్ వాడేవారు గుచ్చిన ఒక్కో బిందువుకు ఇచ్చిన విలువను బట్టి ఫోటోను మసకబారుస్తాయి. ఇవేవీ లోతును లెక్కించవు. నిలబడిన మనిషి తల టిల్ట్-షిఫ్ట్ పట్టీ దాటి పైకి పోతే, తల కూడా మసకబారుతుంది. మోషన్ బ్లర్, స్పిన్ బ్లర్ కదలికకు చెందినవి.

డెప్త్ మ్యాప్, మాస్క్, అంచులు

ఎక్కడ ఎంత బ్లర్ పడాలో చెప్పేందుకు రెండు సాధనాలున్నాయి. మాస్క్ చాలావరకు తెలుపు, నలుపులతో పనిచేస్తుంది: ఇది మనిషి, అది నేపథ్యం. డెప్త్ మ్యాప్ దూరాన్ని బూడిద ఛాయల్లో నమోదు చేస్తుంది కాబట్టి బ్లర్ క్రమంగా పెరుగుతుంది. మాస్క్ మాత్రమే వాడిన ఫోటోలో మనిషి అట్టముక్కలా నేపథ్యం ముందు అతికించినట్టు కనబడతాడు. ముఖ్యంగా పాదాల కింద నేల ఒక్కసారిగా మసకబారడం కంటికి వెంటనే తగులుతుంది. ఫోటోషాప్ లెన్స్ బ్లర్‌లో ఏదైనా ఆల్ఫా చానెల్‌ను డెప్త్ మ్యాప్‌గా ఇచ్చి, ఫోకల్ డిస్టెన్స్ స్లైడర్‌తో ఏ ఛాయ స్ఫుటంగా ఉండాలో నిర్ణయించవచ్చు. నేల పొడవునా నలుపు నుంచి తెలుపుకు గ్రేడియెంట్ గీసినా ఫలితం చాలా మెరుగవుతుంది. లైట్‌రూమ్‌లో ఫోకల్ రేంజ్ అనే పెట్టె ఇదే పని చేస్తుంది. తప్పు పడిన చోట ఫోకస్ బ్రష్, బ్లర్ బ్రష్‌లతో దిద్దుతారు.

నైపుణ్యమంతా బయటపడేది అంచుల దగ్గర. ఇక్కడ మూడు లోపాలు తరచుగా కనబడతాయి.

మొదటిది రంగు కారడం. మనిషిని స్ఫుటంగా ఉంచి వెనక లేయరును మసకబారిస్తే, వెనక లేయరులో ఉన్న మనిషి రంగు కూడా చుట్టూ పరుచుకుంటుంది. ఎర్ర చీర చుట్టూ ఎర్రటి కాంతివలయం ఇలా వస్తుంది. రేడియస్ ఎంత పెద్దదైతే వలయం అంత వెడల్పు. నేపథ్యపు లేయరులో నుంచి మనిషిని ముందుగా తీసేసి, 2010 నాటి సీఎస్5లో వచ్చిన కంటెంట్-అవేర్ ఫిల్ లాంటి దానితో ఆ ఖాళీని చుట్టుపక్కల రంగులతో నింపి, ఆ తరవాత బ్లర్ చేయడం దీనికి మందు. ఫోటోషాప్ నేర్చుకునేవారు ఎక్కువగా దాటేసే మెట్టు ఇదే.

రెండోది వెంట్రుకలు. విడిపోయిన వెంట్రుక వెడల్పు ఒక పిక్సెల్ కంటే తక్కువ ఉంటుంది. ఆ పిక్సెల్‌లో కొంత వెంట్రుక రంగు, కొంత నేపథ్యపు రంగు కలిసి ఉంటాయి. మాస్క్ అంచును గట్టిగా కోస్తే జుట్టు కత్తిరించినట్టవుతుంది. వదులుగా వదిలేస్తే వెంట్రుకల మధ్య మసకబారని నేపథ్యం ముక్కలు మిగులుతాయి. ఫోటోషాప్ సెలెక్ట్ అండ్ మాస్క్‌లోని రిఫైన్ ఎడ్జ్ బ్రష్ ఇలాంటి చోట్ల పాక్షిక పారదర్శకతను లెక్కిస్తుంది. ఫెదర్ పెంచితే మాస్క్ అంచు మెత్తబడుతుంది గాని, అది ముఖం అంచును కూడా సమానంగా మెత్తబరుస్తుంది. అందుకే ముఖానికీ జుట్టుకూ వేరువేరు మాస్క్‌లు వాడటం మేలు.

మూడోది రంధ్రాలు, పారదర్శకమైన వస్తువులు: నడుం మీద చెయ్యి పెట్టినప్పుడు మోచేతి సందు, కళ్లజోడు అద్దాలు, గాజు గ్లాసు, జుంకీల మధ్య ఖాళీ. తెలుగు పెళ్లి ఫోటోల్లో దీనికి గట్టి పరీక్ష తలంబ్రాల ఘట్టం. గాలిలో ఉన్న బియ్యపు గింజలు వధూవరులంత దూరంలోనే ఉన్నా, మనిషి ఆకారాన్ని వెతికే మాస్క్ వాటిని నేపథ్యంలో కలిపేసుకునే అవకాశం ఎక్కువ. అప్పుడు గింజలు తెల్లటి మచ్చలుగా కరిగిపోయి, ఆ క్షణపు సందడి ఫోటోలోంచి జారిపోతుంది. అలాంటి ఫోటోకు మాస్క్‌ను చేత్తో దిద్దాలి, లేదా బ్లర్‌ను బాగా తగ్గించాలి.

వివరాన్ని మార్చే సెట్టింగులు

షార్పెనింగ్. లైట్‌రూమ్ డీటెయిల్ ప్యానెల్‌లో నాలుగు స్లైడర్లు ఉన్నాయి: ఎంత బలంగా అన్నది అమౌంట్, అంచుకు ఇరువైపులా ఎంత మేర అన్నది రేడియస్, ఎంత సన్నని అంశాలదాకా అన్నది డీటెయిల్, ఎక్కడెక్కడ అన్నది మాస్కింగ్. సెన్సర్ సమాచారాన్ని యథాతథంగా దాచే రా ఫైలుకు మొదట ఉండే విలువలు వరసగా 40, 1.0, 25, 0. మాస్కింగ్ 0 అంటే మసకబారిన నేపథ్యంతో సహా ఫోటో మొత్తానికీ షార్పెనింగ్ పడుతోందని అర్థం. అక్కడ పెంచడానికి అంచులు ఉండవు కాబట్టి నాయిస్ చుక్కలే పెరుగుతాయి. ఆల్ట్ కీ నొక్కి మాస్కింగ్ స్లైడర్ జరిపితే తెర నలుపు తెలుపుల్లోకి మారుతుంది. తెల్లగా ఉన్నచోట మాత్రమే షార్పెనింగ్ పనిచేస్తుంది. ముఖచిత్రాల్లో కళ్లు, పెదవులు, జుట్టు తెల్లగా మిగిలి, చర్మం, నేపథ్యం నల్లబడేదాకా జరపడం మంచి పద్ధతి. డీటెయిల్ స్లైడర్‌ను 100 వైపు జరిపితే లెక్క డీకన్వల్యూషన్ వైపు మొగ్గుతుంది. ఆకులు, రాళ్లు, బట్ట నేతలకు అది లాభం, చర్మానికి నష్టం. రేడియస్ అతిగా పెంచితే అంచుల పక్కన తెల్లటి, నల్లటి గీతలు తేలతాయి. ఫోటోషాప్ అన్‌షార్ప్ మాస్క్‌లో మాస్కింగ్ బదులు థ్రెషోల్డ్ ఉంటుంది: పక్క పిక్సెల్‌తో తేడా అంతకంటే తక్కువ ఉన్నచోటును ముట్టుకోదు.

క్లారిటీ, టెక్స్చర్, డీహేజ్. క్లారిటీ పెద్ద ప్రాంతాల మధ్య వెలుగు తేడాను పెంచుతుంది. టెక్స్చర్ మధ్య స్థాయి అంశాల మీద, అంటే చర్మపు గరుకు, చెట్టు బెరడు లాంటి వాటి మీద పనిచేస్తుంది. డీహేజ్ పొగమంచును తొలగించే లెక్కతో కాంట్రాస్ట్ పెంచుతుంది. నేపథ్యపు బ్లర్‌ను పాడుచేయడంలో షార్పెనింగ్ కంటే క్లారిటీదే పెద్ద చెయ్యి. షార్పెనింగ్ అందుకునేంత సన్నని అంచులు మసకలో ఉండవు. పెద్ద బిళ్లల అంచులు మాత్రం క్లారిటీ పరిధిలోకి వస్తాయి. మెత్తగా కరిగిన దీపాల బిళ్లలకు దానితో ముదురు అంచులు వచ్చి, నేపథ్యం ముందుకు పొడుచుకొస్తుంది. తిరగేసి వాడితే ఇదే స్లైడర్ మేలు చేస్తుంది. నేపథ్యానికి మాత్రమే మాస్క్ వేసి క్లారిటీ, టెక్స్చర్‌లను సున్నా కంటే కిందికి తెస్తే, లెన్స్ ఇచ్చిన అసలు బ్లర్ అదనపు బ్లర్ ఫిల్టర్ లేకుండానే మరికాస్త మెత్తబడుతుంది. అంచు లోపాలకు ఇందులో అవకాశం తక్కువ.

నాయిస్ రిడక్షన్. ల్యూమినెన్స్ స్లైడర్ చుక్కలతో పాటు సన్నని వివరాన్నీ తుడిచేస్తుంది. చర్మం మైనపు బొమ్మలా, గడ్డి పచ్చరంగు పూసినట్టు కనబడటానికి కారణం ఇదే. దాన్ని నేపథ్యపు మాస్క్ లోపల ఎక్కువగా, ముఖం మీద తక్కువగా వాడితే రెండూ దక్కుతాయి. కృతక బ్లర్‌కు ఇందుకు విరుద్ధమైన సమస్య ఉంది. సగటు చేయడంలో నేపథ్యపు నాయిస్ మొత్తం మాయమై, చుక్కలున్న మనిషి వెనక నున్నని నేపథ్యం మిగులుతుంది. కెమెరాలో అలా జరగదు, సెన్సర్ నాయిస్ మసక మీదా పడుతుంది. లెన్స్ బ్లర్ ఫిల్టర్‌లోనే నాయిస్ కలిపే సెట్టింగు ఉండటం దీనికోసమే.

పని క్రమం, ఫైలు రకం, సైజు

డిజిటల్ ఇమేజింగ్ రచయిత బ్రూస్ ఫ్రేజర్ షార్పెనింగ్‌ను మూడు దశలుగా విడదీశాడు: కెమెరా వల్ల పోయిన స్ఫుటత్వాన్ని తిరిగి తెచ్చేది, ఫోటోలో కావలసిన చోట మాత్రమే చేసేది, ప్రింటుకో తెరకో తగ్గట్టు చివర చేసేది. బ్లర్‌కు చోటు మొదటి దశ తరవాత, చివరి దశకు ముందు. చివరి షార్పెనింగ్ సైజు మార్చాకే చేయాలి.

రేడియస్‌ను పిక్సెళ్లలో కొలుస్తారు. 6,000 పిక్సెళ్ల ఫోటోలో 10 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ కనబడీ కనబడనట్టుంటుంది. 1,080 పిక్సెళ్ల ఫోటోలో అదే విలువ ముఖాన్ని చెరిపేస్తుంది. చిన్న కాపీ మీద కుదిరిన సెట్టింగును పెద్ద ఫైలుకు యథాతథంగా వాడకూడదు. పెళ్లి ఆల్బమ్‌కు పెద్ద ప్రింట్లు వేసే స్టూడియోల్లో ఇది డబ్బుతో ముడిపడిన సంగతి. ఫోన్ తెర మీద కనబడని అంచు లోపం, రెండు పేజీల ప్రింటులో వేలు పెట్టి చూపేంత పెద్దదవుతుంది.

మసకబారిన ఆకాశం, గోడ లాంటి చోట్ల 8 బిట్ ఫైలుకు ఒక్కో రంగులో ఉన్న 256 మెట్లు చాలక పట్టీలు తేలవచ్చు. రా ఫైలులో 12 లేదా 14 బిట్ల సమాచారం ఉంటుంది కాబట్టి దాన్ని 16 బిట్‌లో తెరిచి బ్లర్ చేసి, చివర మాత్రమే 8 బిట్‌కు దించాలి. జెపెగ్ పద్ధతి ఫోటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి కుదిస్తుంది. క్వాలిటీ బాగా తగ్గిస్తే ఆ గళ్లు నున్నని నేపథ్యంలోనే ముందు బయటపడతాయి. స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద వేసిన బ్లర్‌ను ఎప్పుడైనా తెరిచి మార్చవచ్చు. మామూలు లేయరు మీద వేసి సేవ్ చేసినది మళ్లీ రాదు.

ఫోన్ కెమెరాలు

ఫోన్ లోతును ప్రధానంగా మూడు దారుల్లో అంచనా వేస్తుంది: రెండు కెమెరాల మధ్య కనబడే తేడా, ఒకే సెన్సర్‌లోని పిక్సెల్ సగాల మధ్య తేడా, యంత్రాభ్యాసం. 2017 నాటి గూగుల్ పిక్సెల్ 2 వెనక ఒకే కెమెరాతో, చివరి రెండు దారులనూ కలిపి వాడింది. 2018లో ఐఫోన్ ఎక్స్‌ఎస్ ఫోటో తీశాక కూడా ఎఫ్/1.4 నుంచి ఎఫ్/16 దాకా బ్లర్‌ను మార్చే డెప్త్ కంట్రోల్ ఇచ్చింది. ఇక్కడి ఎఫ్ సంఖ్య అనుకరణ విలువ మాత్రమే. లెన్స్ ఎపర్చర్ మారదు. డెప్త్ మ్యాప్ ఫోటో ఫైలులోనే దాగి ఉంటుంది కాబట్టి ఇది సాధ్యం. స్క్రీన్‌షాట్ తీసినా, మెసేజ్ యాప్‌లో ఫోటోగా పంపినా అది పోతుంది. స్నాప్‌సీడ్‌లోని లెన్స్ బ్లర్ వృత్తం లేదా పట్టీ ఆధారంగా మాత్రమే పనిచేస్తుంది. అందులో ట్రాన్సిషన్ విలువ పెంచితే అంచు తెలియకుండా కలిసిపోతుంది. అదే యాప్‌లోని స్ట్రక్చర్‌ను ఫోటో మొత్తానికి వాడితే, క్లారిటీ లాగే నేపథ్యాన్ని గరుకు చేస్తుంది.

వాడుక, నియమాలు

పోర్ట్రెయిట్, వస్తువుల ప్రకటనలు, ఆహారపు ఫోటోల్లో నేపథ్యపు బ్లర్ చూపును ప్రధాన విషయం మీద నిలుపుతుంది. వార్తా ఫోటోల్లో అదే పని తప్పు. నేపథ్యాన్ని డిజిటల్‌గా మసకబార్చడాన్ని అసోసియేటెడ్ ప్రెస్ నియమాలు నిషేధిస్తాయి. లెన్స్‌తో వచ్చిన బ్లర్‌కు అభ్యంతరం లేదు. అది ఫోటో తీసిన క్షణంలోనే జరిగినది. ఎడిటింగ్‌లో వచ్చినది, అక్కడ ఉన్న మనిషినో బోర్డునో తరవాత దాచడం. వైద్య, శాస్త్ర చిత్రాల్లో షార్పెనింగ్‌కు కూడా ఇలాంటి జాగ్రత్తే అవసరం, ఎందుకంటే అంచు పక్కన కొత్తగా తేలిన గీత లేని నిర్మాణాన్ని ఉన్నట్టు చూపగలదు.

ముఖాలు, వాహనాల నంబర్లు, పత్రాల్లోని అంకెలు దాచడానికి బ్లర్ వాడటం విస్తృతంగా ఉంది గాని, దానికి ఇది బలహీనమైన సాధనం. గాసియన్ బ్లర్ సమాచారాన్ని పరుస్తుందే తప్ప పూర్తిగా తుడవదు. తక్కువ రేడియస్‌తో మసకబార్చిన అంకెలను డీకన్వల్యూషన్‌తోనో, 0 నుంచి 9 దాకా ఒక్కో అంకెనూ అదే సెట్టింగుతో మసకబార్చి పోల్చి చూసో రాబట్టే వీలుంది. ఆధార్, బ్యాంకు పత్రాల ఫోటోలు ఇతరులకు పంపేటప్పుడు దాచవలసిన భాగం మీద నిండు రంగు పెట్టె వేసి, లేయర్లను ఒకటిగా కలిపి, కొత్త ఫైలుగా సేవ్ చేయాలి.